గుర్రపుసామి పేరు

మా అత్తమ్మ సరోజన తన భర్త పేరు పలకగా విన్నవాళ్ళు ఈ భూమ్మీద ఎవరూ లేరు. టొరంటో ఎయిర్‌పోర్టులో దిగిన రోజు ఇమిగ్రేషన్ ఆఫీసర్ "మీ భర్త పేరేమిటి?" అని అడిగితే, ఆవిడ పక్కనున్న కొడుకును మోచేత్తో పొడిచిందట. "ఆమెనే చెప్పనివ్వండి" అన్నాడట ఆఫీసర్. ఈవిడ సిగ్గుపడి తల వంచుకుంది. ఆయనకు అనుమానం వచ్చి పాస్‌పోర్టు మళ్ళీ మొదటి పేజీ నుంచి తిప్పడం మొదలుపెట్టాడు. చివరికి వెనక నిలబడ్డ మామగారే ముందుకొచ్చి, "బాబూరావ్, సర్. నేనే" అని నేరం ఒప్పుకున్నట్టు ఒప్పుకుంటే గాని స్టాంపు పడలేదు. ఈ ముచ్చట మా ఇంట్లో చుట్టాలు వచ్చినప్పుడల్లా చెప్పుకుంటాం. మామగారు పోయి తొమ్మిదేళ్ళయింది, అయినా చెప్పుకుంటాం.

నాది జగిత్యాల. నేను మేడ మీంచి మా ఆయన్ని "రవీ!" అని కేకేస్తే అత్తమ్మ గబుక్కున కిటికీ వైపు చూస్తుంది, పక్కింటివాళ్ళు విన్నారేమోనని. పక్కింటివాళ్ళు పోర్చుగీసువాళ్ళు. ఆ ఇల్లాలు మొగుణ్ణి పేరు పెట్టి పిలవడమే కాదు, పేరుకు ముందు ఇంకేవో కూడా చేర్చి పిలుస్తుంది. అయినా అత్తమ్మ మనసు ఒప్పదు.

టొరంటో పక్కనున్న హామిల్టన్‌లో ఆవిడ ఇరవై ఏళ్ళకు పైగా ఒకే హాస్పిటల్లో హౌస్‌కీపింగ్ చేస్తోంది. విజయనగరం జిల్లా మాట, అరవై దాటిన ఒళ్ళు, ముక్కు మీద కోపం. ఆవిడ తుడిచిన వార్డులో డాక్టర్ బూటు జాడ పడితే డాక్టరే సారీ చెప్పి పక్కకు జరగాలి. ఇంట్లోనూ అంతే. స్టవ్ మీద పులుసు చుక్క పడటం, దాన్ని ఆవిడ గుడ్డ అందుకోవడం ఒకేసారి జరుగుతాయి. నేను గిన్నె తోమి బోర్లిస్తే, నేను చూడనప్పుడు తీసి మళ్ళీ తోముతుంది. నేను చూస్తూనే ఉంటాను, అది వేరే సంగతి.

అలాంటి మనిషి ఆ ఇంట్లో ఎన్నడూ తడిగుడ్డ తగలనివ్వని వస్తువు ఒక్కటే. అది గుర్రపుసామి.

దేవుడి అల్మారాలో వేంకటేశ్వరుడి పటానికి కుడి పక్కన, అరచేయంత టేకు పీట. దాని మధ్య గుంట తీసి, లక్క పోసి, ఆ లక్కలో ఒక గుండ్రటి రాగిరంగు బిళ్ళను కూర్చోబెట్టారు. బిళ్ళ మీద ముందుకాళ్ళు ఎత్తిన గుర్రం, గుర్రం మీద ఒక మనిషి. అంతకంటే ఏమీ కనపడదు. పసుపు, కుంకుమ, గంధం ఏళ్ళ తరబడి పేరుకుపోయి అట్టకట్టాయి. పైగా సామికి నడుం దగ్గర ఎప్పుడూ ఒక పసుపు గుడ్డ పీలిక కట్టి ఉంటుంది. ఎందుకని కాపురానికొచ్చిన కొత్తలో అడిగాను. "ఒంటి మీద బట్ట లేదే సామికి. మా పెద్దత్తగారు కట్టించేరు" అంది అత్తమ్మ, గొంతు తగ్గించి.

ఈ సామి మా ఇంటి కోడళ్ళ దేవుడు. రవి ముత్తవ్వ తన కోడలికిచ్చింది, ఆవిడ మా అత్తమ్మకిచ్చింది, అత్తమ్మ హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని సముద్రాలు దాటించింది. రేపు నాకు వస్తుంది. కడగకూడదు, కదపకూడదు, మంగళవారం బెల్లం ముక్క పెట్టాలి. ఇంతే నియమం. మాకు ఇక్కడ ఉండిపోవడానికి పీఆర్ వచ్చింది ఆయన వల్లే. స్టీల్ ప్లాంటులో రవిని లేఆఫ్ చేసి మళ్ళీ పిలిచింది ఆయన వల్లే. రెండుసార్లు ఫెయిలయిన నా డ్రైవింగ్ టెస్టు మూడోసారి గట్టెక్కింది కూడా, నేను పడ్డ అవస్థ సంగతి ఎవరికీ పట్టలేదు, ఆయన వల్లే.

ఆయన తర్వాత ఆ ఇంట్లో అంత పరపతి ఉన్నవాడు మిలట్రీ తాత. అంటే రవి ముత్తాత, ఆ ముత్తవ్వ మొగుడు. జర్మనీ యుద్ధానికి వెళ్ళి తిరిగొచ్చాడు, నడివయసులోనే పోయాడు. అత్తమ్మ కళ్ళతో చూసింది కాదు, అయినా చూసినట్టే చెబుతుంది. సుబేదారు. చేతిలో కత్తి. కింద తెల్ల గుర్రం. నేను కాపురానికొచ్చిన కొత్తలో ఆయన నరికిన జర్మన్లు ఇద్దరే. తర్వాత హాస్పిటల్ లంచ్‌రూములో వినేవాళ్ళు ఎక్కువయ్యాక ఆ జర్మన్ల సంఖ్యకు అదుపు లేకపోయింది.

కిందటేడు నవంబరులో ఒక సాయంత్రం అత్తమ్మ బస్సు దిగి ఇంటికి నడిచి రాలేదు, పరిగెత్తుకొచ్చింది. బూట్లు కూడా విప్పలేదు. ఆవిడ బూట్లతో హాల్లోకి వచ్చిందంటే ఎక్కడో నిప్పంటుకుందని నేను లేచి నిలబడ్డాను.

"ఒలే ధాత్రీ! స్తంభం మీద తలపాగా ఆయన ఉన్నాడే!"

మా వీధి దీపస్తంభాలకు ఏటా అక్టోబరు నుంచి నవంబరు దాకా, యుద్ధాలకు వెళ్ళినవాళ్ళ జ్ఞాపకార్థం బ్యానర్లు కడతారు. ఒక్కో దాని మీద ఒక్కో సిపాయి ఫొటో, పేరు, పటాలం. ఈ చుట్టుపక్కల కుటుంబాలవాళ్ళ తాతలు, ముత్తాతలు. ఏళ్ళుగా వాటి కింద బస్సెక్కి దిగుతున్నాం గాని తలెత్తి చదివింది లేదు. ఆ రోజు హాస్పిటల్ స్టాపు దగ్గర ఒక సర్దార్జీ సిపాయి కనిపించాడట.

"అడుగే వాళ్ళని. మనోళ్ళకీ కడతారేటో అడుగు!"

అడిగాను. బ్యానర్ కమిటీ చూసేది గోర్డన్ అని ఎనభై ఏళ్ళాయన, స్టీల్ ప్లాంటులో రిటైరయ్యాడు. ఆయన మాట్లాడిందంతా నేను తెలుగు చేసి చెబుతున్నాను. "తప్పకుండా కడతాం. మన వైపు పనిచేసినవాడైతే చాలు, ఏ దేశమైనా ఫర్వాలేదు. ఫొటో లేకపోతే, సిపాయిల గుర్తుగా మేం పెట్టుకునే గసగసాల పువ్వు బొమ్మ వేస్తాం. పేరు, పటాలం, ఏదో ఒక ఆధారం, ఈ మూడూ ఆగస్టు ఆఖరుకల్లా కావాలి" అన్నాడు.

ఫోను పెట్టేసి అత్తమ్మ వైపు తిరిగాను. "ఏం పేరు చెప్పాలె అత్తమ్మా?"

"మిలట్రీ తాత."

"అది పేరు కాదు గదా. అసలు పేరు?"

అత్తమ్మ రవి వైపు చూసింది. రవి నా వైపు చూశాడు. నూరేళ్ళుగా ఆ ఇంట్లో రోజూ తలుచుకునే మనిషి పేరు మా ముగ్గురిలో ఎవరికీ తెలియదు!

ఆలోచిస్తే తెలియకపోవడమే న్యాయం. ఆయన సంగతులు ఇంట్లో ఆడవాళ్ళే చెప్పుకుంటూ వచ్చారు. ముత్తవ్వకు ఆయన మొగుడు, పేరెత్తదు. ఆవిడ కోడలికి మామగారు, అసలే ఎత్తదు. అత్తమ్మకు మామగారి తండ్రి. ఒకరిని మించి ఒకరు మర్యాదస్తులు. అందరూ కలిసి ఆయన్ని ఎంత గౌరవించారంటే పేరు మిగల్లేదు. మామగారికి తెలిసి ఉండొచ్చు, కానీ అడిగే వీలు లేదిప్పుడు. విజయనగరంలో మామగారి అక్క ఉంది, వెంటనే ఫోన్ చేశాం. "మిలట్రీ తాత అనే అనీవోళ్ళం అమ్మా. మా నానమ్మ ముందు ఆ పేరెత్తే ధైర్యం ఎవరికుంది? వీపు చిట్లగొట్టీది" అంది ఆవిడ.

అత్తమ్మ ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు. ఆవిడ బాధ బ్యానర్ ఒక్కటే కాదని నాకు అప్పుడు తెలిసింది. ఏటా మామగారి తద్దినం నాడు పంతులుగారు రవి చేత మూడు తరాల పేర్లు చెప్పిస్తాడు. తండ్రి పేరు, తాత పేరు, ముత్తాత పేరు. మూడోది దగ్గరికొచ్చేసరికి, "తెలియదు కదా, నారాయణ అనేయండి" అంటాడు. రవి నారాయణ అనేస్తాడు.

"అలా అన్న ప్రతిసారీ నాకు ఇక్కడ కలుక్కుమంటాది" అని గుండె మీద చెయ్యి పెట్టుకుంది. "ఆయనకి పెట్టిన ముద్ద ఎవరికి పోతందో! ఆయన కట్టిన ఇంట్లోనే గదే నేను కాపురం చేసింది. పేరు తెలకుండా ఎలా పోతాడే మనిషి?"

నాకు ఆవిడ మీద చాలాసార్లు కోపం వస్తుంది. అంత జాలి వేసింది మాత్రం అప్పుడే. కంప్యూటర్ ముందు కూర్చున్నాను.

అది మొదలు! నాకు పట్టిన పిచ్చి ఇంతా అంతా కాదు. ఆఫీసు లంచ్‌టైములో వెతికాను, లాండ్రీ మెషీన్ తిరుగుతుంటే వెతికాను. మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన మనవాళ్ళ పేర్లు ఏ దేశంలో ఏ గోడ మీద చెక్కారో అన్నీ ఇంటర్నెట్‌లో ఉన్నాయి. ఎంతెంతమంది! తెలుగు పేర్లు కనబడితే చాలు, కుర్చీలోంచి లేచి నిలబడి చదివేదాన్ని. అయితే మా తాత చావలేదు. బతికి ఇంటికొచ్చాడు. బతికొచ్చినవాడి ఊసు ఎవరూ రాసుకోలేదు. లండన్‌లో పాత రికార్డులు చూసే ఆఫీసుకు మెయిల్ పెట్టాను. చాలా మర్యాదగా జవాబిచ్చారు, పేరు చెబితే వెతికి పెడతామని. పేరు కోసమే కదా తల్లీ మీ గడప తొక్కింది!

అత్తమ్మ పద్ధతి అత్తమ్మది. నేను కీబోర్డు ముందు, ఆవిడ గుర్రపుసామి ముందు. రోజూ డ్యూటీకి వెళ్ళేముందు బొట్టు పెట్టి, "సామీ, మా తాతగారి పేరు చూపించు. నీకు వెండి గుర్రం చేయిస్తాను" అని మొక్కేది. పని వేగంగా జరగాలని మధ్యలో బెల్లం ముక్క సైజు కూడా పెంచింది. హాస్పిటల్లో అప్పటికే అందరికీ చెప్పేసింది, వచ్చే నవంబరుకు మా తాతగారు స్తంభమెక్కుతారని. జమైకా నుంచి వచ్చిన నర్సొకామె రోజూ అడుగుతోందట, "సరో, నీ సోల్జర్ దొరికాడా?" అని.

చలి పోయింది, ఎండలొచ్చాయి, ఆగస్టు కూడా ముగింపుకొచ్చింది. సోల్జర్ దొరకలేదు.

ఒక శనివారం సాయంత్రం గోర్డన్ మా ఇంటికి వచ్చాడు. ఫోన్లో చెప్పడం ఇష్టం లేక స్వయంగా చెప్పడానికి వచ్చాడని ఆయన ముఖం చూడగానే తెలిసింది. బూట్లు విప్పి, సోఫా అంచున కూర్చుని, అత్తమ్మ ఇచ్చిన టీ రెండు గుక్కలు తాగాడు. "మిసెస్ మజ్జీ, పేరు లేకుండా బ్యానర్ కట్టలేం. ఈ ఏటికి..." అంటూ అత్తమ్మ ముఖం చూడలేక చూపు పక్కకు తిప్పాడు.

అంతే, ఆ మాట ఇక పూర్తి కాలేదు. తెరిచి ఉన్న దేవుడి అల్మారా వైపు చూస్తూ ఉండిపోయాడు.

"నేను దగ్గరికి వెళ్ళొచ్చా?" అన్నాడు.

అత్తమ్మ గర్వంగా తలూపింది. ఆయన అల్మారా ముందుకెళ్ళి, టోపీ తీసి, వంగి చూశాడు. కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చూశాడు. తర్వాత నిటారుగా నిలబడి రెండు చేతులూ పక్కలకు ఆనించాడు.

"చూసేవేటే! తెల్లాయన కూడా మా సామికి దణ్ణం పెట్టేడు" అని నా చెవిలో అంది అత్తమ్మ.

"ఇప్పుడే వస్తాను. దయచేసి దాన్ని ఎవరూ కదపొద్దు" అంటూ గోర్డన్ బూట్ల లేసులు కూడా కట్టుకోకుండా బయటికి పోయాడు. ఆయన ఇల్లు రెండు వీధుల అవతల. అత్తమ్మ ఆయన టీ వేడి చేసేలోగా తిరిగొచ్చాడు, ఆయాసపడుతూ, చేతిలో నీలం మఖమలు గుడ్డ వేసిన చిన్న పెట్టె. డైనింగ్ టేబుల్ మీద పెట్టి మూత తెరిచాడు.

వెండి బిళ్ళ. ముందుకాళ్ళు ఎత్తిన గుర్రం. దాని మీద ఒంటి మీద నూలుపోగు లేని మనిషి.

అత్తమ్మ గుండెల మీద చెయ్యి వేసుకుంది. "ఓలమ్మో! మీ ఇంట్లో కూడా గుర్రపుసామేనేటి!"

నేను దాన్ని ఇంగ్లీషులోకి మార్చి చెప్పేటంతసేపూ గోర్డన్ నవ్వలేదు, అది ఆయన పెద్దరికం. "ఇది మా తాతగారి మెడల్" అన్నాడు. "పద్నాలుగు నుంచి పద్దెనిమిది దాకా జరిగిన యుద్ధానికి వెళ్ళినవాళ్ళకు ఇచ్చారు. అందరికీ ఇదే గుర్రం, ఇదే మనిషి." బిళ్ళను తిరగేశాడు. వెనక గడ్డపు రాజు బొమ్మ. తర్వాత దాన్ని నిలువుగా పట్టుకుని నా కళ్ళ దగ్గరికి తెచ్చాడు. "ఇదిగో, అంచు చూడండి."

అంచు చుట్టూ సన్నటి అక్షరాలు. నంబరు, గోర్డన్ తాత పేరు, ఆయన పటాలం.

"ఇండియా సిపాయిల మెడల్స్‌కి కూడా ఇలాగే పేరు చెక్కేవాళ్ళు" అన్నాడు.

రవి లేచిన విసురుకు కుర్చీ వెనక్కి పడిపోయింది. పొద్దున్నే లేచి "పేరు చూపించు, పేరు చూపించు" అని ఎవరి ముందు చేతులు జోడించామో ఆయన అంచునే ఉంది పేరు! నూరేళ్ళుగా లక్కలో, కుంకుమ కింద! లండన్ దాకా పోయిన నేను దేవుడి అల్మారా దాకా పోలేదు.

ముందు తేరుకున్నది నేనే. "అత్తమ్మా, తీద్దాం దాన్ని!"

ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది. "అంటే, ఇన్నాళ్ళూ నేను మొక్కింది..." అని ఆగిపోయింది. మామగారికి క్యాన్సర్ అని తెలిసిన నెలల్లో ఆవిడ ఆ పీట ముందు ఎంతెంతసేపు కూర్చునేదో నాకు తెలుసు. దాన్ని పెకలించడమంటే మాటలా! పెకలించాక దేవుడు మిగులుతాడో లేదో, లోపల పేరు ఉంటుందో లేదో. రెండూ పోతే?

"పీటతో సహా హాస్పిటల్‌కి తీసుకెళ్ళి స్కానింగ్ చేయిద్దామమ్మా" అన్నాడు రవి. మా ఆయన తెలివి అలాంటిది.

అత్తమ్మ కొడుకు మాట విననేలేదు. లేచి బాత్రూములోకి వెళ్ళింది. తలారా స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, తడి జుట్టు ముడి వేసుకుని వచ్చింది. అల్మారా ముందు నిలబడి, "సామీ, నువ్వు చెయ్యమంటేనే చేస్తన్నాను. తప్పయితే నన్నే అను, పిల్లల్నేమీ అనకు" అంది. పీటను రెండు చేతులతో ఎత్తి టేబుల్ మీద కొత్త తువ్వాలు పరిచి పెట్టింది. నా వైపు తిరిగింది.

"నీ జుట్టు ఆరబెట్టుకునే మిషను తే."

తెచ్చాను. నా హెయిర్ డ్రయ్యర్‌కు అంతటి పుణ్యం రాసిపెట్టి ఉందని ఎవరనుకున్నారు! నేను వేడిగాలి పట్టాను. అత్తమ్మ కుంకుమ పెళ్ళలను ఒక్కొక్కటే వేలితో లేపి వెండి పళ్ళెంలోకి తీసింది, ఒక్క రవ్వ కింద పడనివ్వలేదు. పసుపు గుడ్డ విప్పేటప్పుడు గోర్డన్ గోడ వైపు తిరిగాడు. లక్క మెత్తబడి వాసన వచ్చింది. అత్తమ్మ బొటనవేలితో అంచు నొక్కింది. ఒకసారి. ఇంకోసారి. బిళ్ళ జారి ఆవిడ అరచేతిలో పడింది.

కొబ్బరినూనెలో దూది ముంచి తుడవసాగింది. ముందు గుర్రం పూర్తిగా బయటపడింది. వెనక్కి తిప్పితే గడ్డపు రాజు.

"ఈయన్ని నూరేళ్ళు బోర్లా పడుకోబెట్టేమా!" అంది అత్తమ్మ.

ఇక అంచు. ఎన్ని ఆపరేషన్ గదులు కడిగిన చెయ్యో! ఒక్కో అక్షరంలోంచీ లక్క తీస్తూ వచ్చింది. నేను ఫోను టార్చి వేసి, కెమెరాతో పెద్దది చేసి చదవడం మొదలుపెట్టాను. ముందు ఏదో నంబరు. తర్వాత ఎం. ఏ. జె. జె. ఐ. మజ్జి! మా ఇంటిపేరు!

"మజ్జి పైడయ్య!" అని అరిచాను.

అత్తమ్మ నూనె చేత్తోనే నా నోరు మూసేసింది. "ఒలే! పెద్దోళ్ళ పేరే!" ఆ చెయ్యి తీయకుండానే కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. తర్వాత చెయ్యి తీసి, "ఇంకోపాలి చెప్పు" అంది.

చెప్పాను. రవి చెప్పాడు. గోర్డన్ చెప్పాడు, ఆయన నోట్లో అది పైడాయా అయింది, అయినా ఎవరికీ పట్టలేదు. మేం నలుగురం ఆ పేరు అటూ ఇటూ అందించుకున్నాం, బారసాల ఇంట్లో పసిపిల్లను ఒకరి ఒళ్ళోంచి ఒకరు తీసుకున్నట్టు.

"పేరు పక్కన ఇంకా ఏదో ఉంది" అన్నాడు రవి.

ఉంది. లేబర్ కోర్.

గోర్డన్ మెల్లగా చెప్పాడు. తుపాకీ పట్టినవాళ్ళకు వెండి మెడల్ ఇచ్చారు. ఓడల్లోంచి సరుకు దించినవాళ్ళకు, రోడ్లు వేసినవాళ్ళకు, పట్టాలు పరిచినవాళ్ళకు, బరువులు మోసినవాళ్ళకు ఈ కంచుది ఇచ్చారు. ఇండియా నుంచి వెళ్ళినవాళ్ళు చాలామంది ఎడారి దేశపు రేవు బస్రా చేరారు, ఎండలోనూ జ్వరాల్లోనూ పనిచేశారు. బహుశా ఈయన కూడా అక్కడికే వెళ్ళి ఉంటాడు.

నేను అత్తమ్మ ముఖం చూడలేదు. లంచ్‌రూములో ఆవిడ చెప్పిన కథలన్నీ నా కళ్ళ ముందు తిరిగాయి.

"కత్తి లేదేటి?" అంది.

"లేదత్తమ్మా."

"గుర్రం?"

గోర్డన్ ఆలోచించాడు. "కంచరగాడిదల్ని తోలి ఉండొచ్చు" అన్నాడు.

రెండు బిళ్ళలూ పక్కపక్కన ఉన్నాయి, ఒకటి తెల్లగా, ఒకటి ఎర్రగా. ఆవిడ ముక్కు పుటాలు అదరడం చూశాను. ఏడుస్తుందనుకున్నాను. కాదు, కోపం వచ్చింది!

"మోసినోడిది చెమట కాదేటి? ఆయనకి రాగిదెందుకిచ్చేవు?" అని గడ్డపు రాజును చూసి అడిగింది. రాజు బదులివ్వలేదు. ఆవిడ బిళ్ళను టక్కున తిప్పి ఆయన్ని మళ్ళీ బోర్లా పడుకోబెట్టింది. అంతటితో ఆగకుండా గోర్డన్ వైపు తిరిగి, హాస్పిటల్లో సూపర్‌వైజర్లతో మాట్లాడే ఇంగ్లీషులో, "మీ స్తంభం మీద కూలీలకు చోటుందా, లేదా? ఇప్పుడే చెప్పండి" అని నిలదీసింది.

"ఉంది" అన్నాడు గోర్డన్. "ఇన్నాళ్ళూ కట్టకపోవడం మాదే తప్పు." జేబులోంచి పెన్ను తీసి, పేరు ఎలా రాయాలో నన్ను అడిగి, తన అరచేతి మీదే రాసుకున్నాడు.

ఆయన వెళ్ళగానే విజయనగరానికి ఫోన్ చేశాం. అక్కడ ఇంకా తెల్లారలేదు. అయినా ఆగగలమా! మామగారి అక్క నిద్రమత్తులో ఎత్తింది. రవి పేరు చెప్పాడు.

"పైడయ్యా!" అంది ఆవిడ. "ఒరే రవీ, అది మీ నాన్న పేరేరా!"

అప్పుడామెకు పదేళ్ళట. తమ్ముడి బారసాలలో బియ్యం మీద తాత పేరే రాశారట. నానమ్మ ఆ పక్కనే ఉండి గోల చేసిందట, ఆ పేరు పెడితే నేను నా మనవణ్ణి ఏమని పిలుచుకోను అని. పెట్టడం పెట్టారు, పిలవడం మాత్రం బాబూ అనే పిలిచారు. బళ్ళో వేసేటప్పుడు మాస్టారు దానికి రావు తగిలించాడు. బియ్యం మీద రాసిన పేరు బియ్యంతోనే పోయింది. "నువ్వు ఇప్పుడంటే గాని నాకు గుర్తు రాలేదు నాయనా" అని ఆవిడ అక్కడ ఏడుస్తోంది, ఇక్కడ రవి ఏడుస్తున్నాడు.

అత్తమ్మ మాత్రం ఫోను వైపే చూస్తూ కూర్చుంది. నాకు ఊరుకోబుద్ధి కాలేదు. "అంటే అత్తమ్మా, మీరు ఇన్నేళ్ళు పలకకుండ దాచుకున్నది అసలు పేరే కాదన్నట్టు! ఎయిర్‌పోర్టుల చెప్పినా ఏం గాకపోవు!" అన్నాను.

ఆవిడ ఒక్క క్షణం నన్ను కొరకొరా చూసి పకపకా నవ్వింది. నవ్వి నవ్వి పైట చెంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆ తుడుచుకోవడం నవ్వు ఆగాక కూడా ఆగలేదు.

సెప్టెంబరులో వచ్చిన మామగారి తద్దినం నాడు పంతులుగారు మూడో పేరు దగ్గర అలవాటుగా "నారాయణ" అనబోయాడు. "పైడయ్య!" అని రవి అంత గట్టిగా అనేసరికి ఆయన చేతిలో దర్భ జారింది. వెండి గుర్రం మొక్కు కూడా అత్తమ్మ తీర్చుకుంది, చిన్న సవరణతో. బ్రాంప్టన్‌లో నగల కొట్టాయనతో "గుర్రం వద్దు, కంచరగాడిద చెయ్యి" అంది. ఆయన వ్యాపారంలో అలాంటి ఆర్డరు అదే మొదటిదట. అదిప్పుడు అల్మారాలో బిళ్ళ పక్కన ఉంది, వీపు మీద రెండు మూటలతో. బిళ్ళ మళ్ళీ లక్కలోకి పోలేదు, అంచు కనపడేలా నిలబెట్టారు. మంగళవారం బెల్లం మామూలే. దేవుడు కాదని తేలాక కూడా మొక్కుతారా అని ఒకరోజు ఊరికే కదిపాను.

"మరి నీ డ్రైవింగ్ టెస్టు పాస్ చేయించింది ఎవరనుకున్నావేటి!" అంది.

నవంబరులో బ్యానర్ల కింద కార్యక్రమం పెట్టారు. చెవులు కోసే గాలి. మాది హాస్పిటల్ బస్‌స్టాపు స్తంభం, సర్దార్జీకి పక్కదే. ఫొటో ఉండాల్సిన చోట ఎర్రటి పువ్వు, దాని కింద మజ్జి పైడయ్య, లేబర్ కోర్. అత్తమ్మ వార్డువాళ్ళు డ్యూటీ మధ్యలో యూనిఫాముల మీద కోట్లు వేసుకుని వచ్చారు. జమైకా నర్సు ముందు వరసలో నిలబడింది. కత్తి సంగతి, తెల్ల గుర్రం సంగతి అత్తమ్మే వాళ్ళకు ముందుగా చెప్పేసిందట, "అదంతా నేను కల్పించింది. నిజంగా ఆయన బరువులు మోశాడు" అని. ఆ మాటకు లంచ్‌రూమంతా చప్పట్లు కొట్టిందట.

ఒక్కో కుటుంబం మైకు దగ్గరికెళ్ళి తమవాడి పేరు ఒకసారి చదవాలి. అందరూ కాసేపు మౌనంగా నిలబడాలి. అదీ పద్ధతి. మా వంతు వచ్చింది. చదివేది రవి అని ముందే అనుకున్నాం. అత్తమ్మ చదవదు కదా. రవి గొంతు సవరించుకుని అడుగు వేశాడు. ఆవిడ కొడుకు చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది.

పార్కా కోటు కింద పట్టుచీర కుచ్చిళ్ళు గాలికి ఎగురుతుంటే మైకు ముందుకు నడిచింది. తల ఎత్తి స్తంభం వైపు చూసింది.

"మజ్జి పైడయ్య!"

బస్సు కోసం నిలబడ్డవాళ్ళు కూడా తిరిగి చూశారు. అంత గట్టిగా పిలిచింది. అందరం తలలు వంచాం. ఇక వెనక్కి వస్తుందనుకుంటే రాలేదు. మైకును చేత్తో పక్కకు జరిపి, ఇంకోసారి ఆ పేరే అంది. ఈసారి గొంతులో గట్టిదనం లేదు, ఎదురుగా ఉన్న మనిషిని పిలిచినట్టు అంది. నలభై ఏళ్ళ కాపురంలో, తొమ్మిదేళ్ళ ఒంటరితనంలో ఆవిడ ఎన్నడూ అనని మాట అది.

"మైకు పనిచేయలేదా? మొదటిసారే బాగా వినిపించిందే" అన్నాడు గోర్డన్ నా పక్కకు వంగి.

"మైకు బాగానే ఉంది. మొదటిది తాతగారికి" అన్నాను. రెండోది ఎవరికో చెప్పేలోపే అత్తమ్మ వచ్చేసింది.

మా ఇద్దరి మధ్య నిలబడింది. ముఖం ఎర్రగా ఉంది, చలికో సిగ్గుకో తెలియదు. "ఎవరైనా విన్నారేటే?" అని అడిగింది.